ఐదో చీర

"చీరలు నేను పంపిస్తాను వదినా. మీరు కుట్టి ఇస్తే చాలు" అంది మా వియ్యపురాలు ఫోన్‌లో. మెత్తగా, మర్యాదగా అంది. ఆవిడ గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మా అమ్మాయికి పాప పుట్టి అప్పటికి పదకొండు రోజులు. ఇరవై ఒకటో రోజున ఖమ్మంలో వాళ్ల ఫ్లాట్‌లోనే ఉయ్యాలలో వేద్దామనుకున్నారు. ఉయ్యాలలోకి బొంత కుట్టమని అమ్మాయి ముందే అడిగింది. నేను బీరువాలోంచి నా పాత నేతచీరలు తీసి మంచమంతా పరుచుకుని, ఏది పైకి, ఏది లోపలికి అని తడుముకుంటూ కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే ఆ ఫోన్ వచ్చింది.

ఆ మర్యాద వెనకాల ఏముందో తెలియనంత చిన్నపిల్లని కాదు. మా ఆయన పోయి రెండేళ్లయింది. భర్త పోయిన ఆడదాని చీర పసిబిడ్డ ఒంటికి తగలకూడదు. ఆవిడ ఆ మాట అనలేదు, అనదు కూడా. చదువుకున్న మనిషి. చీరలు ఆవిడ పంపుతుంది, నేను కుట్టాలి. అంటే నా కళ్లు పనికొస్తాయి, వేళ్లు పనికొస్తాయి, చీర ఒక్కటే పనికిరాదు.

"చూద్దాం వదినా" అని ఫోన్ పెట్టేశాను. కోపం రాలేదని అబద్ధం చెప్పను. చేతిలో ఉన్న చీరను ముద్దగా చుట్టి మొహానికి పెట్టుకున్నాను. ఉతికి ఉతికి అరిగిన నూలుకు ఒక వాసన ఉంటుంది. ఎండ, కుంకుడుకాయ, కాస్త గంజి. ఆ వాసన నన్ను తిన్నగా మా అమ్మమ్మ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టింది. ఇదే మాట నేనక్కడ ఒకసారి విన్నాను. అప్పుడు నాకు పదకొండేళ్లు.

చండ్రుగొండ దాటి ఇంకాస్త పోతే, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట అమ్మమ్మ ఊరు. పరీక్షలైపోయిన మర్నాడే నన్నక్కడ దింపేవారు. కల్లాల నిండా మిరపకాయలు ఎండుతుండేవి. గాలి ఇటు తిరిగిందంటే ఊరంతా తుమ్మేది. గూడెం ఆడవాళ్లు ఇప్పపూలు ఆరబోస్తే ఆ తియ్యని మగ్గిన వాసన మధ్యాహ్నానికి తలకెక్కేది. అమ్మమ్మ ఆ పూలు పెనం మీద వేయించి నా దోసిట్లో పోసేది. చింతచిగురు పప్పు, జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు. తినేటప్పుడు మాట్లాడొద్దని నన్ను కసిరేది, తను మాత్రం నోట్లో ముద్ద పెట్టుకుని ఊరి కబుర్లన్నీ చెప్పేది.

అమ్మమ్మకు ముప్ఫై నిండకుండానే తాతయ్య పోయాడు. మా చిన్నమ్మ అప్పటికింకా పాకుతోందట. ఆనాటి నుంచి అమ్మమ్మ కట్టినవి సన్నంచు తెల్లచీరలే. పెళ్లిళ్లలో ముందు వరసలోకి వచ్చేది కాదు. ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే గుమ్మంలోకి ఎదురు రాకుండా గోడ చాటున నిలబడేది. నిలబడి, వాళ్లటు పోగానే వాళ్ల నడక ఎట్లా ఉందో నడిచి చూపించి మమ్మల్ని నవ్వించేది. ఏడుపుగొట్టు మనిషి కాదు మా అమ్మమ్మ.

ఆ ఊళ్లో ఎవరింట్లో పిల్ల పుట్టినా బొంత మాత్రం అమ్మమ్మే కుట్టాలి. పెళ్లికి ఆమెను పక్కన పెట్టిన వాళ్లే కాన్పు కాగానే చీరలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. ఆమె కాదనేది కాదు. నాకు ఆ పని చూడటమంటే తిండి కంటే ఇష్టం. పెద్దవాళ్ల బొంత నెలల తరబడి సాగుతుంది, నడుం పడిపోతుంది, కుట్టే మనిషికే దాని మీద విసుగు పుడుతుంది. పిల్ల బొంత అట్లా కాదు. రెండు మూరల పొడుగు, మూరన్నర వెడల్పు. ఒళ్లో పడుతుంది. మూడు మధ్యాహ్నాలు గట్టిగా కూర్చుంటే అయిపోతుంది. మొదలుపెట్టిన సంతోషం పోకముందే ముగించిన సంతోషం వస్తుంది.

చీరను కత్తెరతో కోసేది కాదు అమ్మమ్మ. అంచు దగ్గర పంటితో చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగితే చర్రుమని తిన్నగా చిరిగేది. ఆ చప్పుడు కోసం నేను ముందే చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. అరుగు కడిగి, ఆరాక ఒక పొర పరిచి, నీళ్లు చిలకరించి అరచేత్తో సాపు చేసి, దాని మీద ఇంకో పొర. మూలలకు గులకరాళ్లు. దారానికి తేనెమైనం రాసి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ చుట్టూ తిరుగుతూ నడిమికి రావాలి. కుట్టు బియ్యపుగింజ కంటే పెద్దదిగా ఉంటే విప్పించేది. ముడి పైన పడితే అసలు ఒప్పుకునేది కాదు. పిల్ల వీపుకు ముడి తగలొద్దు అనేది. ఆ ఒక్క మాట నేను నా పిల్లల బొంతలప్పుడూ మర్చిపోలేదు.

ఆ వేసవిలో నేను వెళ్లేసరికే మా చిన్నమ్మకు తొలికాన్పై పాప పుట్టింది. నడిమింటి పక్కగది చీకటి చేసి, చెవుల్లో దూది పెట్టి, చిన్నమ్మను మంచం దిగనిచ్చేవాళ్లు కాదు. ఇల్లంతా వెల్లుల్లి కారం వాసన, సాంబ్రాణి పొగ, ఆముదం. పాప దగ్గరికి పోవాలంటే కాళ్లు కడుక్కోవాలి. నేను రోజుకు పదిసార్లు కడుక్కునేదాన్ని.

తొమ్మిదో రోజున చిన్నమ్మ అత్తగారు ఎర్రుపాలెం వైపు నుంచి వచ్చింది. రూపాయంత బొట్టు, మోచేతుల దాకా గాజులు, ఒక ట్రంకుపెట్టె. ఆమె మాట కోస్తా వైపుకు ఒరిగి ఉండేది. అది విన్నప్పుడల్లా మా వాళ్లు కాస్త సర్దుకుని కూర్చునేవాళ్లు. చెడ్డమనిషి కాదు. ట్రంకు తెరిచి అందరికీ అరిసెలు పంచింది, నాకు ఒకటి ఎక్కువే ఇచ్చింది. ఆ తర్వాత ఎర్ర ఊలు ఉండలు రెండు బయటికి తీసింది. ఆ తర్వాత అమ్మమ్మ వైపు తిరిగింది.

"ఐదిళ్ల ముత్తైదువల చీరలు తెప్పించండి వదినా. కుట్టడం మాత్రం మీరే కుట్టాలి. మీ చేతి కుట్టు ఇంకెవరికొస్తుంది?"

"అట్లనే వదినా" అంది అమ్మమ్మ.

అని లోపలికి పోయింది. నేను వెనకాలే పోయాను. చెక్కపెట్టె అడుగున వేపాకు మీద ఒక చీర మడిచిపెట్టి ఉండేది. ఆమె చీరలన్నిట్లోకి మెత్తనిది, తెలుపు పోయి ఇప్పపూల రంగు తేలింది. చిన్నమ్మ నెల తప్పిందని కబురొచ్చిన రోజే దాన్ని కట్టడం మానేసి, మూడుసార్లు ఉతికి దాచింది. ఊరందరి పిల్లలకూ ఊరందరి చీరలతో కుట్టాను, నా చిన్నబిడ్డ కాన్పుకు మాత్రం నా చీర వేసి కుట్టుకుంట అని నాకు ముందు సెలవుల్లోనే చెప్పి ఉంది. ఇప్పుడు ఆ చీర బయటికి తీసి, ఒకసారి చేత్తో రాసి, మళ్లీ పెట్టెలో పెట్టి మూత వేసింది. ఏడవలేదు, తిట్టలేదు. పొయ్యి మీద పప్పు మాడుతుందేమో చూడమని నన్ను పంపింది. నాకు మాత్రం కడుపు మండిపోయింది.

మర్నాడు పొద్దున పాపకు స్నానం. పెరట్లో పీట మీద కూర్చుని కాళ్లు చాచి, కాళ్ల మీద పాపను బోర్లా వేసుకుని నీళ్లు పోసేది అమ్మమ్మే. ముక్కు పిండటం, తల ఒత్తటం, కడుపు నిమరటం అన్నీ ఆమె చేతులే చేయాలి. ఒళ్లు తుడిచి తన కొంగులోనే చుట్టి గదిలోకి ఇచ్చేది. నేను తువ్వాల పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఒంటి మీదున్న తెల్లచీర పాపకు రోజూ తగులుతూనే ఉంది. దానికి దోషం లేదు. పెట్టెలో ఉన్న చీరకు ఉంది. ఈ లెక్క నాకు అర్థం కాలేదు. ఇన్నేళ్లొచ్చినా ఇప్పటికీ అర్థం కాలేదు, అయినట్టు నటించదలుచుకోలేదు.

ఆ రోజే గూడెం అవ్వ వచ్చింది. అడవిలోని గూడెం నుంచి తేనెమైనం, కుంకుళ్లు తెచ్చి ఇచ్చి మిరపకాయలు పట్టుకుపోయే ముసలామె. అమ్మమ్మకు పాత స్నేహం. ఇద్దరూ అరుగు మీద కూర్చుని మైనం ముద్ద వాసన చూస్తుంటే నేను ఉండబట్టలేక ముత్తైదువల చీరల సంగతి చెప్పేశాను. అవ్వ బోసినోరు తెరిచి నా వైపు, అమ్మమ్మ వైపు చూసింది.

"గుడ్డకు మొగుడేందమ్మా? మెత్తగున్నదా లేదా చూడాలె గని."

అమ్మమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. గదిలోంచి చిన్నమ్మ నవ్వు కూడా వినిపించింది. నవ్వింది గానీ అమ్మమ్మ పెట్టె మాత్రం తెరవలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

చీరలు అడిగి తెచ్చే పని నాది. మొదటి నాలుగిళ్లలో హాయిగా సాగింది. ఒకింట్లో బెల్లం ముక్క, ఒకింట్లో తాటిముంజలు. నాలుగూ నేతచీరలే. వంకాయరంగుది ఒకటి, పచ్చగళ్లది ఒకటి, కాఫీపొడి రంగువి రెండు. ఐదో ఇల్లు రైసుమిల్లు వాళ్లది. ఆమె నేతచీరలు కట్టడం ఎప్పుడో మానేసిందట. తళతళలాడే నైలాను చీర ఇచ్చింది. ఇచ్చేటప్పుడు అది ఎంత ఖరీదుదో, ఊళ్లో ముందు తనే కట్టిందని రెండుసార్లు చెప్పింది.

అమ్మమ్మ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూసింది. సూది నిలవదు, గాలి ఆడదు, పిల్లకు ఒళ్లంతా ఉడుకుతది అంది. కానీ వెనక్కి పంపితే మిల్లు వాళ్లు నొచ్చుకుంటారు, ఆరో ఇంటికి పోతే ఐదు అన్న మాట తప్పుతుంది. చిన్నమ్మ అత్తగారు గడపలోంచి అదంతా విని తేల్చేసింది.

"మధ్యలో వేసేయండి వదినా. మధ్య పొర ఎవరికి కనిపిస్తుంది?"

ఆ మాట నా చెవిన పడింది. మధ్య పొర ఎవరికీ కనిపించదు. ఆమే చెప్పింది.

మర్నాడు అమ్మమ్మ పాపకు నీళ్లు పోస్తున్నంతసేపూ అరుగు మీద పొరలు పరిచే పని నాకు అప్పజెప్పారు. చిన్నమ్మ అత్తగారు పూజలో ఉంది. నేను పెట్టె తెరిచాను. ఇప్పపూల రంగు చీర తీశాను. అమ్మమ్మ లాగే అంచు దగ్గర పంటితో గాటు పెట్టి లాగాను. చర్రుమన్న చప్పుడు ఊరంతా వినపడిందేమో అనిపించింది. ఎవరూ రాలేదు. కింద రెండు పొరలు, నడుమ అమ్మమ్మ చీర, పైన రెండు పొరలు. నీళ్లు చల్లి సాపు చేసి మూలలకు రాళ్లు పెట్టాను. నైలాను చీరను తీసుకుపోయి కోళ్లగంప కింద కుక్కాను. తర్వాత దాని మీద పెట్టకోడి గుడ్లు పెట్టి పొదిగింది. పదకొండు పిల్లలు. మిల్లు వాళ్లామె చీర ఆ విధంగా పనికొచ్చింది.

అమ్మమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. దారానికి మైనం రాసింది. అంచున మొదటి కుట్టు వేసింది. రెండోది వేసింది. సూది ఆగింది. ఎడమచేతి వేళ్లతో పొరలను పట్టుకుని, బొటనవేలితో ఒకసారి అటూ ఇటూ రాసింది. ఆమె తల ఎత్తలేదు. మూడో కుట్టు వేసింది. నాలుగోది వేసింది. మూడు మధ్యాహ్నాల్లో బొంత అయిపోయింది. అంత చిన్న కుట్టు ఆమె కూడా అంతకుముందు వేయలేదు.

ఈలోగా ఎర్ర ఊలు నా ప్రాణానికొచ్చింది. బళ్లో మా టీచరమ్మ దగ్గర ఊలు అల్లిక నేర్చుకున్నానని నేనే గొప్పలు పోయాను. అయితే పాపకు టోపీ అల్లు అంది చిన్నమ్మ అత్తగారు. అల్లికసూదులు ఇంటి దగ్గరే మర్చిపోయి వచ్చాను. మామయ్య సైకిల్ చక్రం నుంచి రెండు పుల్లలు విప్పి, రాతి మీద మొనలు అరగదీశాను. మామయ్య రెండు రోజులు సైకిల్ ఊగుతోందని రోడ్డును తిట్టాడు. ఆ పుల్లలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. చిటికెడంత పని, అయినా ఎంత సుఖమో. ఒక వరస ముందు నుంచి, ఒక వరస వెనక నుంచి. వేళ్ల కింద ఎర్రగా పెరుగుతూ ఉంటుంది. నా పిడికిలికి తొడిగి చూసుకుని, పైన దారం బిగించి కుచ్చు పెట్టాను. ఊరంతా తిప్పి చూపించాను.

ఇరవై ఒకటో రోజున పాపను ఉయ్యాలలో వేశారు. కింద అమ్మమ్మ బొంత, తల మీద నా టోపీ. పసిదాని మాడుకు గాలి తగలకూడదని చిన్నమ్మ అత్తగారు ఆ టోపీని పగలు కూడా తీయనివ్వలేదు. బయట ఎండకు అరుగు రాళ్ల మీద కాలు పెట్టలేకపోతున్నాం. అమ్మమ్మ ఒకసారి తీసింది. అత్తగారు మళ్లీ పెట్టింది. ఎవరింట్లో ఉన్నా పాపకు నానమ్మ మాటే పైమాట.

ఉయ్యాలలో వేసిన నాలుగో రోజు మధ్యాహ్నం పాప పాలు తాగలేదు. ఒళ్లు కాలిపోతోంది. ఏడ్చేందుకు కూడా ఓపిక లేనట్టు పడుకుంది. చిన్నమ్మ మంచం దిగి గదిలోంచి బయటికొచ్చేసింది. చిన్నమ్మ అత్తగారు గోడకు ఆనుకుని, ఏ దోషం తగిలిందో, ఏది తగలకూడనిది తగిలిందో అని గొణగటం మొదలుపెట్టింది. తగిలింది ఏమిటో నాకు తెలుసు.

అమ్మమ్మను పెరట్లోకి లాక్కుపోయి చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. పాప చచ్చిపోతే నన్ను చంపేయమన్నాను. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నా చీర నా చేతికి తెల్వదా బిడ్డా? రెండో కుట్టుకే తెలిసింది."

"మరి ఎందుకు తియ్యలేదు?"

"తియ్యబుద్ధి కాలే" అంది. "నా బిడ్డకు బిడ్డ. ఒక్క పొరన్న నాది ఉండాలె అనిపించింది. ఉంచిన. ఇప్పుడు దీనికేమన్న అయితే అది నా మీద. నీ మీద కాదు. పో, మామయ్యను బండి కట్టమను. జల్దీ."

నాకు ఇప్పటికీ ఆ మొహం గుర్తుంది. ఆమెకు భయం లేదని కాదు. ఇరవై ఏళ్లు ఆమెకు చెప్పిందే చెప్పి ఉన్నారు, సగం నమ్మే ఉంటుంది. అయినా ఆ బొంతను విసిరేయలేదు. అదే బొంత ఒళ్లో పరుచుకుని, దాని మీద పాపను పడుకోబెట్టుకుని అందరి ముందూ బండి ఎక్కింది. చిన్నమ్మ ఒక పక్క, చిన్నమ్మ అత్తగారు ఒక పక్క. కాళ్ల దగ్గర నేను.

దవాఖానాలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పాపను చూసీ చూడగానే నుదురు చిట్లించింది.

"ఈ ఎండలో ఊలు టోపీ ఎవరు పెట్టారమ్మా? ముందు అది తీయండి."

టోపీ తీస్తే లోపల జుట్టంతా చెమటకు అంటుకుపోయి, మాడంతా ఎర్రగా పొక్కి ఉంది. తడిగుడ్డతో తుడవమంది, గాలి తగలనివ్వమంది, ఘడియ ఘడియకూ పాలు పట్టమంది. సాయంత్రం దాకా అక్కడే బల్ల మీద ఉంచుకుంది. బొంత పాప కిందే ఉంది. అది ఎవరి చీరో, ఆ చీర కట్టినామెకు మొగుడున్నాడో లేడో డాక్టరమ్మ అడగలేదు. ఎండ దిగేసరికి ఒళ్లు చల్లబడింది. పాప కళ్లు తెరిచి, కాళ్లు కొట్టుకుని, ఆకలికి గట్టిగా ఏడ్చింది. చిన్నమ్మ రొమ్ముకు పెట్టుకుంటే గుటకల చప్పుడు మా అందరికీ వినిపించింది.

ఇంటికొచ్చాక చిన్నమ్మ అత్తగారు టోపీని ట్రంకు అడుగున పెట్టేసింది. దిష్టి తగిలింది అంతే అని, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గి దగ్గి చచ్చాం. ముత్తైదువ తెచ్చిన ఊలు వల్ల జ్వరం వస్తే దాన్ని దిష్టి అంటారు. అదే నా ఐదో చీర సంగతి అప్పుడు బయటపడి ఉంటే ఏమనేవాళ్లో నాకు బాగా తెలుసు. ఆ టోపీ అల్లింది నేనే. ఆ తప్పు ఒప్పుకుంటాను, చీర మాత్రం తప్పు కాదు.

చెప్పేద్దాం అమ్మమ్మా, మధ్య పొర ఎవరిదో ఇప్పుడు చెప్పేద్దాం అని నేను ఎగిరాను. అమ్మమ్మ వద్దంది. పిల్ల సల్లగుంది, గంతే సాలు అంది. ఆమె మీద నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు అదే. గెలిచి కూడా గోడ చాటునే నిలబడింది.

నాలుగైదేళ్ల తర్వాత చిన్నమ్మ వాళ్లింటికి వెళ్లాను. పాపకు ఆ బొంత లేకపోతే నిద్ర రాదట, చిరుగులు పట్టినా వదలదట. చిన్నమ్మ అత్తగారు వసారాలో కూర్చుని దానికి మాసిక వేస్తోంది. పై పొరలు అరిగి నడిమి పొర బయటపడింది. ఇప్పపూల రంగు. ఆమె దాని మీద వేలు ఆనించి ఆగింది. సన్నంచు కూడా కొంచెం కనిపిస్తోంది. ఆ ఐదిళ్ల చీరల్లో అట్లాంటిది లేదని ఆమెకు తెలుసు. నా వైపు చూసింది. నేను కళ్లు దించలేదు. "మీ అమ్మమ్మ ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగింది. బాగుందన్నాను. ఎర్రగుడ్డ ముక్క ఒకటి తీసి దాని మీద వేసి, చుట్టూ కుట్టేసింది.

అప్పుడు అదెంత మంచితనమో అనుకున్నాను. తిట్టలేదు, చించలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అనుకోను. కప్పేసింది, అంతే.

అమ్మమ్మ లేదు. గూడెం అవ్వ ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. ఆ అరుగు కొట్టేసి మెట్లు కట్టారు. ఊళ్లో పిల్ల పుడితే ఇప్పుడు బొంతలు ఫోన్‌లో నొక్కితే వచ్చేస్తున్నాయి, బొమ్మలున్నవి, జిప్పులున్నవి. వాటి మీద నాకు కోపమేం లేదు. చర్రుమని చిరిగే చప్పుడు మాత్రం వాటిలో ఉండదు. ఆ జ్వరం పాపకు ఇప్పుడు పెద్ద పెద్ద పిల్లలున్నారు. నాకంటే గట్టిగా ఉంది.

వియ్యపురాలి చీరలు మర్నాడే వచ్చాయి. ఐదు, ఇస్త్రీ చేసి, చక్కగా సంచీలో పెట్టి మా అల్లుడితో పంపింది. మంచి నూలు చీరలే. నాలుగు తీసుకున్నాను. ఐదోది మడిచి మళ్లీ సంచీలో పెట్టాను. నా నీలం నేతచీర ఒకటుంది. మా ఆయన ఉన్నప్పుడు దాన్ని కడితే చాలు, ఎక్కడికి ప్రయాణం అని అడిగేవాడు. దాన్ని అంచు దగ్గర పంటితో గాటు పెట్టి లాగాను. ఆవిడ చీరలు నాలుగూ కింద వేశాను. నాది పైన వేశాను.

మూడు మధ్యాహ్నాలు కుట్టాను. ఇంట్లో ఒక్కదాన్నే, కానీ ఒంటరిగా అనిపించలేదు. సూది నడుస్తుంటే మనసు ఊరుకుంటుంది. బియ్యపుగింజంత కుట్టు, ముడి లోపలికి. మిగిలిన రోజుల్లో సైకిల్ పుల్లలు తీసి, నూలు దారంతో నా బొటనవేలికి పట్టేంత మేజోళ్లు రెండు అల్లాను. టోపీ జోలికి పోలేదు.

ఇరవై ఒకటో రోజున ఫ్లాట్ నిండా చుట్టాలు. నేను బొంతను ఉయ్యాలలో పరుస్తుంటే వియ్యపురాలు పక్కకొచ్చి నిలబడింది. కుట్టు మీద చెయ్యి వేసి ఎంత సన్నగా ఉందో అని మెచ్చుకుంది. ఆ చెయ్యి అక్కడే ఆగింది.

"పైన వేసింది ఎవరిది వదినా?"

"నాది వదినా."

గోడ చాటున నిలబడి చెప్పలేదు. గదిలో అందరికీ వినపడేటట్టు చెప్పాను. చుట్టాల్లో ఎవరో దగ్గారు. నేను మా అమ్మాయి వైపు చూడలేదు. చూస్తే బతిమాలినట్టుంటుందని చూడలేదు. నాకు లోపల భయంగానే ఉంది, ఆ పిల్ల ఇప్పుడు కాదంటే నేను ఏమైపోతానోనని.

మా అమ్మాయి పాపను ఎత్తుకుని వచ్చింది. వంగి, ఆ నీలం చీర మీద పడుకోబెట్టి, కాళ్లు సర్దింది.

"మా అమ్మది అత్తమ్మా. ఎంత మెత్తగుందో మీరే చూడండి" అంది.

వియ్యపురాలు చూసింది. చూసి, పాప వీపు కింద పడ్డ ముడత ఒకటి మెల్లగా లాగి సాపు చేసింది. అంతకంటే ఏమీ చేయలేదు, అంతకంటే నేనూ అడగను. ఇంతలో పాప ఒళ్లు విరుచుకుని, అందరూ చూస్తుండగా ఆ బొంతంతా తడిపేసింది. గదిలో నవ్వులు లేచాయి. అందరికంటే ముందు నవ్వింది నేనే.

సాయంత్రం దాన్ని నేనే ఉతికాను. అమ్మమ్మ బొంతలెప్పుడూ పెరట్లోనే ఆరేవి, ఎవరి కంటా పడకుండా. నేను బాల్కనీ తీగ మీద ఆరేశాను, నా చీర ఉన్న వైపు వీధికి పెట్టి.